మామయ్య ఆఫీసులో మా కాపురం

మా మామయ్య ఏ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారో ఆ ఆఫీసులోనే మేం కాపురం పెడతామని ఆయనా కలగనలేదు, నేనూ కలగనలేదు. పెట్టాం. ఆ ఎండాకాలం నా ప్రాణం మీదికి వచ్చింది.

ఊరి నడిబొడ్డున ఉన్న ఆఫీసులన్నీ ఒకదాని వెనక ఒకటి ఊరి చివర అద్దాల మేడల్లోకి వెళ్ళిపోయాయి. ఆఫీసులు పోయాక వాటిని నమ్ముకున్న కొట్లూ పోయాయి. వీధి పొడుగునా దించేసిన షట్టర్లు, వాటి మీద సగం చిరిగిన పోస్టర్లు మిగిలాయి. అప్పుడొక బిల్డరు వచ్చి, మామయ్య పనిచేసిన బీమా కంపెనీ బిల్డింగు కొని, పై అంతస్తులన్నీ ఇళ్ళుగా, కిందదంతా షాపులుగా మారుస్తానన్నాడు. నేను పనిచేసే ఆస్పత్రి అక్కడికి రెండు వీధుల అవతల. మా ఆయన దూరాలు తిరిగే బస్సు డ్రైవరు. ఇవాళ బయల్దేరితే మళ్ళీ ఎల్లుండే ఇంటి మొహం చూడటం. బస్టాండూ దగ్గరే, పాప బడీ దగ్గరే. అన్నీ దగ్గరేనని నేనే పట్టుబట్టి నాలుగో అంతస్తులో ఇల్లు తీసుకునేలా చేశాను. ఎవరు చేసుకున్నది వాళ్ళు అనుభవించాలి కదా.

చూడటానికి ఇల్లే. ఉంటేగానీ తెలియలేదు, అది ఇంకా ఆఫీసేనని. కిటికీలు గోడంత ఉంటాయి, తెరుచుకునే రెక్క మాత్రం తలగడంత. స్నానాలగదిలో వరసగా మూడు వాష్‌బేసిన్లు, ఐదుగురిలో ముగ్గురం ఒక్కసారే పళ్ళు తోముకోవచ్చు. వంటింటి సింకులో నీళ్ళు పోస్తే పడగ్గదిలో గుడగుడమనేది. పైన పాత ఏసీ గొట్టం అలాగే వదిలేశారు. అందులోంచి గాలి రాదు, మూడో అంతస్తువాళ్ళ పోట్లాటలు వస్తాయి. బిల్డరు తరఫున ఒక కుర్ర ఇంజనీరు ఉండేవాడు. ఏది చెప్పినా "రెండ్రోజుల్లో అయిపోతుందండీ" అనేవాడు. మేం అతనికి రెండ్రోజులని పేరు పెట్టాం. పాప ఒకసారి మొహం మీదే "రెండ్రోజులంకుల్" అని పిలిచేసింది. పాపం, అతను పలికాడు కూడా.

అన్నిటికంటే ఒళ్ళు మండేది కింది షాపుల సంగతి. మందుల షాపు వస్తుంది, పచారీ కొట్టు వస్తుంది, అన్నీ కాళ్ళ దగ్గరే ఉంటాయని చెప్పి ఇళ్ళు అమ్మారు. వచ్చి చూస్తే అన్నిటికీ అద్దాల లోపలివైపు పాత పేపర్లు అంటించి ఉన్నాయి. పేపర్ల మధ్య సందులోంచి చూస్తే సున్నం బకెట్లు, నిచ్చెనలు. ఉప్పు అయిపోతే బస్సెక్కాలి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదు.

మామయ్య మొదటిరోజు చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తనిఖీకి వచ్చినట్టు తిరిగారు. మా వంటిల్లు క్యాష్ కౌంటరట. హాలు ఆయన సెక్షను. మా పడగ్గది రికార్డు రూము. ఆయనకీ అత్తయ్యకీ ఇచ్చిన గది సాక్షాత్తూ మేనేజరుగారి గది. ఆ గదిలో కూర్చోమనందే కూర్చోలేదట ఉద్యోగం చేసినన్నాళ్ళూ. ఇప్పుడు ఏకంగా పడుకోవాలంటే ఆయనకు నిద్ర పట్టలేదు. మంచం అంచున బిగుసుకుని పడుకునేవారు. చివరికి అత్తయ్యే, మేనేజరుగారు రారులెండి, కాళ్ళు చాపుకోండి అని ధైర్యం చెప్పింది.

కాళ్ళు చాపుకున్నారు. వారం తిరిగేసరికి తనే మేనేజరైపోయారు. పొద్దున్నుంచీ పిలుపులే. కళ్ళజోడు ఎక్కడుందని అత్తయ్యను పిలుపు, ఫ్యాను తగ్గించమని నన్ను పిలుపు, ఎవరో తలుపు తట్టారని పాపను పిలుపు. తలుపు పక్కనే కూర్చుని ఉంటారు. గంట కొడితే ప్యూను పరిగెత్తుకొచ్చిన రోజులు ఒంట్లోంచి పోలేదు. ఆస్పత్రిలో నా పని పరీక్షలకు రక్తం తీయడం. నేను ఊళ్ళోవాళ్ళ రక్తం తీసి ఇంటికి వస్తే, ఇంట్లోవాళ్ళు నా రక్తం తాగేవారు.

అత్తయ్య మాత్రం ఆ ఇంట్లో కొత్తగా తిరిగేది. మామయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ ఈ బిల్డింగు గడప తొక్కలేదు. అప్పట్లో ఆయన రోజూ రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవారట. పనో పని. ఆవిడ గోడల్ని తడిమి తడిమి చూస్తుంటే ఏమిటత్తయ్యా అన్నాను.

"ఏం లేదు. సవతి ఇంటికి కాపురానికొచ్చినట్టుంది" అంది నవ్వుతూ.

ఆ నవ్వు ఎక్కువరోజులు లేదు.

ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి లిఫ్టు ఆగిపోయి ఉంది. కింద అత్తయ్య బల్ల మీద కూర్చుని లిఫ్టాయనతో కబుర్లాడుతోంది. లిఫ్టాయన ఆ కంపెనీ ఉన్న రోజుల్లో లిఫ్టు నడిపేవాడు. లిఫ్టుకి మనిషి అక్కర్లేని కాలం వచ్చినా, బిల్డరు అతన్ని వాచ్‌మన్‌గా ఉంచుకున్నాడు. పేరు మాత్రం లిఫ్టాయనే. నాలుగంతస్తులు ఎక్కే ఓపిక లేక నేనూ వాళ్ళ పక్కన కూలబడ్డాను.

మంచి మనిషి. మామయ్యను మెచ్చుకోవాలనే మొదలుపెట్టాడు. అయ్యగారంత నెమ్మదస్థుడు ఆ ఆఫీసులో ఇంకొకరు లేరన్నాడు. అత్తయ్య పొంగిపోయి, నెమ్మది కాబట్టే అందరి పనీ ఆయన నెత్తిన రుద్దేవారు, రాత్రిదాకా ఆఫీసులోనే ఉంచేసేవారు అంది.

లిఫ్టాయన తల అడ్డంగా ఊపాడు. "రాత్రిదాకా పనెక్కడిదమ్మా? ఐదింటికి గంట కొడితే ఐదుంబావుకి లైట్లన్నీ నేనే ఆర్పేసేవాణ్ణి. అయ్యగారొక్కరే నా దగ్గర డాబా తాళం తీసుకుని పైకెళ్ళేవారు. కుర్చీ కూడా నేనే వేసిపెట్టాను."

"పైన ఏం చేసేవారు?"

"ఏం లేదమ్మా. కూర్చునేవారు."

చూస్తే లిఫ్టు ఎప్పుడో బాగైనట్టుంది, తలుపు తెరుచుకుంది. అత్తయ్య లేచి, మెట్ల మీదుగా నడిచి పైకి వెళ్ళింది. నేను ఆవిడ వెనకే నాలుగంతస్తులూ రొప్పుకుంటూ ఎక్కాను. ఆవిడ ఎక్కడా ఆగలేదు.

రాత్రి భోజనాల దగ్గర అందరికీ ఎప్పటిలాగే వడ్డించింది. మామయ్య రెండోసారి అన్నం పెట్టించుకుంటుండగా అడిగింది.

"ఆ డాబా మీంచి ఏం కనిపించేది?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఏ డాబా అని అడగలేదు. "ఏముంటుంది, నీళ్ళ ట్యాంకులు" అన్నారు.

"మరి రోజూ దేనికి?"

"అక్కడ నన్నెవరూ పిలిచేవారు కాదు."

అత్తయ్య సరే అంది. ఆయన కంచంలో ఇంకో గరిటె వేసింది. అంతే. అరుపులూ లేవు, ఏడుపులూ లేవు. నేనూ పిచ్చిదాన్ని, గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఐదింటికి అత్తయ్య చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని, చేతిసంచీ పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఎక్కడికని మామయ్య అడిగితే, పనుంది అంది. తొమ్మిదింటికి తిరిగొచ్చింది. ఆ మర్నాడూ అంతే. మూడోరోజుకి మామయ్య బిక్కమొహం వేశారు. ఆయన కళ్ళజోడు ఎవరు వెతకాలి, పాప చేత పాఠం ఎవరు చదివించాలి, పైపుల్లో నీళ్ళు సాయంత్రం ఆరింటికే వస్తాయి కాబట్టి ఎవరు పట్టాలి?

ఎవరు పట్టాలంటే, నేను. డ్యూటీ దిగి, ఆ చేత్తోనే బిందెలు, ఆ చేత్తోనే కూరలు, ఆ చేత్తోనే హోంవర్కు. ఈలోపు హాల్లోంచి "అమ్మాయీ" అని పిలుపు. మా ఆయన ఇంటికొచ్చిన రోజున చెప్పుకుంటే, అమ్మానాన్నల మధ్యకు నన్ను లాగకు, నాకు రేపు పొద్దున్నే బస్సుంది అని దుప్పటి కప్పుకున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలన్నా నాకు తీరిక లేదు. న్యాయం అత్తయ్య వైపుంది, అంట్లు నా వైపున్నాయి.

ఓపిక నశించి ఒకరోజు ఆస్పత్రిలో పర్మిషన్ అడిగి ముందుగా వచ్చి, ఐదింటికి ఆవిడ వెనకే దిగాను. ఏ గుడికో, ఏ చుట్టాలింటికో పోతోందనుకున్నాను. పోలేదు. మెట్లు దిగి, కింద వరసలో మూడో షాపు తాళం తీసి, లోపలికి వెళ్ళి లైటు వేసుకుంది. నేను తలుపు తోసుకుని వెళ్ళేసరికి బోర్లించిన రంగుల డబ్బా మీద కూర్చుని ఉంది. చేతిలో పుస్తకం లేదు, అల్లిక లేదు, ఫోను లేదు.

ఇక్కడేం చేస్తున్నారత్తయ్యా అంటే, కూర్చున్నాను అంది. ఇంట్లో కూర్చోవచ్చుగా అంటే, కూర్చోనిస్తారా అంది. తాళం ఎవరిచ్చారంటే, రెండ్రోజులిచ్చాడు, ఆ పని మాత్రం అడిగిన రోజే చేశాడు అంది.

నేను ఇంకో డబ్బా లాక్కుని కూర్చున్నాను. గట్టిగా నాలుగు అడుగుదామనే వచ్చాను. ఆవిడే మొదలుపెట్టింది.

"ఆ రోజుల్లో మా అత్తగారు మంచంలో ఉండేది. ముగ్గురు పిల్లలు. సాయంత్రమయ్యేసరికి అందరికీ ఒకేసారి ఆకలి, అందరికీ ఒకేసారి నేనే కావాలి. ఒక్కదాన్నే మోశాను. మోసినందుకు కాదే నా బాధ. పాపం, ఆయన ఇంకా ఆఫీసులోనే మగ్గుతున్నారు కదా అని ఆయన మీద జాలిపడుతూ మోశాను. తొమ్మిదింటికి రాగానే వేడినీళ్ళు తోడేదాన్ని. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది."

నేను డబ్బా వెనక్కి తోసి లేచాను. పైకెళ్ళి నీళ్ళు పట్టుకున్నాను.

అసలు చిత్రం తర్వాత జరిగింది. చీకటి పడ్డాక ఆ వీధి మొత్తానికి వెలిగేది అత్తయ్య కూర్చున్న షాపు ఒక్కటే. అటుగా ఇళ్ళకు పోయే ఒకరూ ఇద్దరూ ఆగి చూడటం మొదలుపెట్టారు. ఒకావిడ లోపలికి వచ్చి ఇక్కడేం అమ్ముతారని అడిగిందట. ఏమీ అమ్మం, కూర్చోండి అందట అత్తయ్య. ఆవిడ కూర్చుంది. మర్నాడు ఇంకొకామెను వెంటబెట్టుకొచ్చింది. మా బిల్డింగులోని ఆడవాళ్ళు కొందరు, పక్క వీధిలో కుట్టుపని చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు, సాయంత్రం అయ్యేసరికి వాళ్ళ వాళ్ళ కుర్చీలు మోసుకుని దిగేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. నాకు అంత ఖాళీ ఎక్కడ ఏడ్చింది?

మనుషులు కనిపిస్తే మనుషులొస్తారు. మందుల షాపు పెట్టదలచుకున్న ఒకతను సాయంత్రం పూట చూడటానికొచ్చి, ఈ సందడి చూసి, నాకు ఈ షాపే కావాలన్నాడు. మన రెండ్రోజులు చేతులు నలుపుకుంటూ అత్తయ్య దగ్గరికొచ్చాడు. ఆవిడ కుర్చీలెత్తించి నాలుగో షాపులోకి మారింది. నెల తిరక్కుండా అదీ పోయింది, పచారీ కొట్టుకి. ఐదో దాంట్లోకి మారింది. అమ్మగారు కూర్చున్న షాపు ఖాళీగా నిలవదండీ అని మన రెండ్రోజులు ఊరంతా చెప్పుకున్నాడు. బిల్డరే స్వయంగా దిగివచ్చి, మూలనున్న చిన్న షాపు ఒకటి సాయంత్రాలు శాశ్వతంగా మీరే వాడుకోండి, ముందు మాత్రం మిగిలినవాటిల్లో ఒక్కోదాంట్లో కొన్నాళ్ళు కూర్చోండి అని బతిమాలాడు. ఆవిడ ఒప్పుకుంది. మూల షాపుకి బోర్డు మీద ఏం రాయమంటారని రెండ్రోజులు అడిగితే, రెండ్రోజుల్లో చెబుతానంది.

పైన నాలుగో అంతస్తులో మటుకు మామయ్య కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తుండేవారు. అంత ఎత్తునుంచి ఆయనకు కనిపించేది రోడ్డు మీద పడ్డ వెలుగే. ఓ రోజు నేను ఇక పట్టలేక, మీ కళ్ళజోడు మీ జేబులోనే ఉంది మామయ్యా, ఎప్పుడూ మీ జేబులోనే ఉంటుంది అని గొంతు పెంచాను. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు. ఆయన జేబు తడుముకుని, అవునే అన్నారు. ఆ సాయంత్రం నుంచి పిలుపులు తగ్గాయి. నీళ్ళు పట్టడం ఆయనే మొదలుపెట్టారు. ఒక బిందె పడితే అర బిందె నేల మీద ఉండేది. తుడవడం మళ్ళీ నా పనే.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, సాయంత్రం షిఫ్టులో రావాల్సిన అమ్మాయి రాక నన్ను ఉండిపొమ్మన్నారు. ల్యాబులో ఫోను దగ్గర పెట్టుకోనివ్వరు. పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటింది. తలుపు తోయగానే మందు వాసన. మేనేజరుగారి గదిలో మంచం మీద పాప పడుకుని ఉంది, నుదుటి మీద తడి తువ్వాలు. మామయ్య పక్కన స్టూలు మీద కూర్చుని థర్మామీటరు దీపానికి ఎత్తిపట్టి చూస్తున్నారు. బడినుంచి వస్తూనే ఒళ్ళు కాలిపోయిందట. నాకు ఫోన్ చేశారు, నేను ఎత్తలేదు. ఆస్పత్రి నంబరుకి చేసి డాక్టరును పట్టుకుని, ఏం చేయాలో అడిగి, లిఫ్టాయన చేత కింద మందుల షాపులోంచి సిరప్ తెప్పించారు. పాప రెండుసార్లు వాంతి చేసుకుంటే దుప్పటి మార్చి, ఉతికి ఆరేశారు కూడా. జ్వరం దిగుతోంది. పాప నిద్రపోతోంది. ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయి ఉన్నాయి.

అత్తయ్యను పిలవలేదా అని అడిగాను. లేదన్నారు.

తొమ్మిదింటికి అత్తయ్య వచ్చింది. సంగతి తెలిసి, సంచీ కింద పడేసి, పాప నుదురు, మెడ, అరికాళ్ళు అన్నీ చూసుకుంది. ఆ తర్వాత మామయ్య వైపు తిరిగింది. ఆవిడకు అంత కోపం రావడం నేను అంతకు ముందు చూడలేదు. డాబా సంగతి తెలిసిననాడు కూడా రాలేదు.

"నా పక్క కొట్లో మందు కొనిపించారు. పక్క కొట్లో. నాకు చెప్పాలనిపించలేదా మీకు?"

"చెప్పొద్దని నేనే అన్నాను లిఫ్టాయనతో."

"ఎందుకు?"

మామయ్య థర్మామీటరు డబ్బాలో పెట్టబోయారు. చేతులు తడిగా ఉండి అది లోపలికి పోలేదు. "నిన్ను పిలవకూడదనుకున్నాను" అన్నారు.

అత్తయ్య మంచం మీద కూర్చుంది. పాప నుదుటి మీది తువ్వాలు తీసి, గిన్నెలో ముంచి, పిండి, మళ్ళీ వేసింది. గొట్టంలోంచి మూడో అంతస్తువాళ్ళు ఏదో వాదించుకోవడం వినిపిస్తోంది. ఆయన వైపు చూడకుండానే అంది.

"జ్వరానికైతే పిలవొచ్చు."

ఆయన తలూపారు. ఆ తర్వాత నెమ్మదిగా, ఇంకా దేనికి పిలవొచ్చని అడిగారు. ఆలోచించుకుని చెబుతానంది. కళ్ళజోడుకి మాత్రం కాదని అప్పుడే తేల్చేసింది.

అలాగని మర్నాడు ఆవిడ ఇంట్లో ఉండిపోలేదు. ఐదవగానే చెప్పులేసుకుంది. కానీ వెళ్తూ వెళ్తూ, అన్నం పొయ్యి మీద పడేశాను, చూస్తుండండి అని మామయ్యతో చెప్పింది. ఆయన చూస్తూనే ఉన్నారు, అన్నం మాడింది. ఇంకో నాలుగు రోజులకు మాడటం మానేసింది. ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ పాత సాయంత్రాల గురించి నేను ఉన్నప్పుడు మళ్ళీ ఎత్తలేదు. నేను లేనప్పుడు ఎత్తారేమో, నాకు తెలియదు. నేను అడగలేదు.

మొదటి వాన పడేనాటికి కింద ఒక్క షాపూ ఖాళీ లేదు. బ్రెడ్డు, బల్బు, బొత్తాం, ఏం కావాలన్నా లిఫ్టు దిగితే దొరికేది. స్నానాలగదిలో మూడు వాష్‌బేసిన్లూ అలాగే ఉన్నాయి.

ఆ వానలో ఒక సాయంత్రం ఆస్పత్రినుంచి నడిచి వస్తూ, మా బిల్డింగు ఎదురుగా ఉన్న బస్టాపులో చూరు కింద బల్ల మీద కూర్చున్నాను. వాన తగ్గాక రోడ్డు దాటుదామని. కింద వరసంతా వెలుగులే. మూల షాపులో అత్తయ్య, చుట్టూ ఆడవాళ్ళు. నాలుగో అంతస్తు వంటింట్లో లైటు. అక్కడ అన్నం ఉడుకుతూ ఉండి ఉంటుంది. వాన తగ్గింది. నేను లేవలేదు. ఒక బస్సు వచ్చి ఆగి, నేను ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకోటి.

ఫోను మోగింది. మామయ్య.

"ఎక్కడున్నావమ్మాయీ?"

"దారిలో ఉన్నాను మామయ్యా. కొంచెం పనిబడి ఆలస్యమైంది."

తలెత్తి చూశాను. వంటింటి కిటికీ దగ్గర, చెవికి ఫోను పెట్టుకుని, ఆయన నిలబడి ఉన్నారు. నేనున్న వైపే చూస్తున్నారో, ఊరికే వాన చూస్తున్నారో, అంత దూరంనుంచి చెప్పలేను.

"తొందరేం లేదు" అన్నారు. "నిదానంగా రా."